గ్రుడ్ల మంచిచెడ్డలు చెప్పు వాయుయంత్రము: సంఘములు కొనదగునా?

కోడిగ్రుడ్డును పగులగొట్టకయే, దానినుండి వెలువడు వాయువులనుబట్టి అది క్రొత్తదియో ప్రాతదియో తెలుపు చిన్న యంత్రములు వచ్చినవనియు, అవి కొలది వెలకే దొరకుచున్నవనియు విని, మన సభ్యులలో కొందఱు వానిని సంఘము పక్షమున కొనదగునా యని అడుగుచున్నారు. అడుగదగిన ప్రశ్నయే. వడ్లకు తేమ చూచు మీటరు కలదు. పాలకు వెన్న చూచు పరీక్ష కలదు. గ్రుడ్డునకు మాత్రము పెంకే అడ్డుగోడ. లోపలి సంగతి అమ్మువారికిని తెలియదు, కొనువారికిని తెలియదు. సరుకు చేతులు మాఱిన పిమ్మట “వీనిలో ప్రాతవి యున్నవి” అని వర్తకుడు వెల తగ్గించినచో, కాదనుటకు మనయొద్ద సాక్ష్యము లేదు.

ఈ విషయమున మా యభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాము. ఈ యంత్రమును సంఘము కొనవచ్చును. కుళ్ళిన సరుకును పసికట్టు కావలివానిగా దానిని నిలుపుకొనవచ్చును. కాని గ్రుడ్డు వెల నిర్ణయించు తీర్పరిగా దానిని కూర్చుండబెట్టరాదు. ఎందువలన నిట్లు చెప్పుచున్నామో, దానికి బదులు ఏమి చేయవలయునో క్రింద విన్నవించుచున్నాము.

ఇది స్వల్ప విషయమని తలపరాదు. కేంద్ర పశుసంవర్ధక శాఖవారి లెక్కలనుబట్టి 2023-24వ సంవత్సరమున దేశమునందు సుమారు 14,277 కోట్ల గ్రుడ్లు ఉత్పత్తియైనవి. అందు ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానమునను, తెలంగాణ మూడవ స్థానమునను ఉన్నవి. గోదావరి జిల్లాల గ్రుడ్లు లారీలపై బంగాళమువఱకును అస్సామువఱకును పోవుచున్నవి. వేలకొలది కోళ్ళున్న పెద్ద ఫారములలో ఏనాటి గ్రుడ్లను ఆనాడే ఏఱి ట్రేలకెత్తుదురు. పెరటిలో అయిదాఱు కోళ్ళుంచుకొను మన సభ్యుల యిండ్లలో జరుగునది వేఱు. ఇల్లాలు దినమునకు రెండో మూడో గ్రుడ్లు తీసి, బియ్యపు కుండలోనో తవుడు బుట్టలోనో దాచి, సంతనాటికి ఇరువదియో ముప్పదియో కూడబెట్టును. ఆ బుట్టలో నిన్నటి గ్రుడ్డును ఉండును, పదిదినములనాటి గ్రుడ్డును ఉండును. ఆ డబ్బు తఱచుగా ఆమె చేతిలోనే యుండి, ఉప్పుపప్పులకును పిల్లల పుస్తకములకును అక్కఱకు వచ్చును. ఒక్క గ్రుడ్డు చెడియున్న నెపమున బుట్ట మొత్తమునకు వెల కోసినచో నష్టపడునది ఆమెయే. కావున పరీక్ష ఎట్టిదై యుండవలెను, అది ఎవరి చేతిలో నుండవలెను అను రెండు ప్రశ్నలును మన సంఘములకు ముఖ్యములే.

ముదియుట వేఱు, చెడుట వేఱు

మొదట గ్రుడ్డు లోపల జరుగు పనిని తెలిసికొనవలెను. గ్రుడ్డు పెంకు రాతిగోడ కాదు. దానియందు కంటికి కనబడని రంధ్రములు 7 వేలు మొదలు 17 వేలవఱకు ఉండును. వానిగుండ లోపలి తేమ ఆవిరియై పోవును; బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు కూడ పోవును. తేమ పోయినకొలది మొద్దుకొననున్న గాలిగది పెద్దదగును. వాయువు పోయినకొలది తెల్లసొన క్షారగుణమును పొందును. పెట్టిననాడు దాని పి.హెచ్. సుమారు 7.6 ఉండగా, కొలదిదినములలోనే 9ని దాటును. దానితో జిగటగానున్న తెల్లసొన పలుచనై, పగులగొట్టినపుడు పళ్ళెమున నీరువలె పరచుకొనును, పచ్చసొన చదునగును. వేడిమిలో ఈ మార్పు కడు వేగముగ జరుగును. బయట ఒక్క దినముంచిన గ్రుడ్డు, ఫ్రిజ్జిలో ఒక వారముంచిన గ్రుడ్డుకంటె ఎక్కువగా ముదియునని కోళ్ళపెంపకపు నిపుణులు చెప్పుదురు.

ఇది ముదియుట. ఇట్లు ముదిసిన గ్రుడ్డు రుచికి కొంత తక్కువయైనను, తినుటకు పనికిరానిది కాదు. దానికి దుర్వాసనయు లేదు. చెడుట మఱియొక పని. పెంకు చిట్లియో, తడిసియో, పెంట అంటియో యున్నయెడల సూక్ష్మక్రిములు లోనికి జొచ్చి సొనలను కుళ్ళజేయును. సొనలలోని మాంసకృత్తులయందు గంధకముండుటచేత, కుళ్ళినపుడు హైడ్రోజన్ సల్ఫైడు అను దుర్గంధ వాయువు పుట్టును, అమ్మోనియాయు పుట్టును. మురిగిన గ్రుడ్డు కంపని మనము ముక్కు మూసికొనునది ఇదియే.

కావున క్రొత్త గ్రుడ్డు, ముదిసిన గ్రుడ్డు, కుళ్ళిన గ్రుడ్డు అని మూడు తరగతులు కలవు. వెల తగవులన్నియు మొదటి రెంటి నడుమనే వచ్చును. వాసన మూడవదానికే కలదు. మా వాదమునకు ఈ యొక్క సంగతియే మూలము.

మనమెఱిగిన పరీక్షలు

నీటిలో వేసి చూచుట మన పెద్దలెఱిగిన పరీక్షయే. క్రొత్త గ్రుడ్డు అడుగున పండుకొనును. ప్రాతది మొద్దుకొన పైకెత్తి నిలుచును. మిక్కిలి ప్రాతది తేలును. గాలిగది పెరుగుటయే దీనికి కారణము. ఇంటి వాడుకకు ఈ పరీక్ష చాలును. అమ్మకపు సరుకునకు మాత్రము తగదు. ఏలయనగా తడిపినచో పెంకుమీది సహజమైన పూత పోయి, క్రిములు లోనికి పోవుటకు దారి యేర్పడును.

దీపపరీక్ష ఇంతకంటె మేలైనది. చీకటిగదిలో గ్రుడ్డు మొద్దుకొనను వెలుగునకు ఆనించి చూచినయెడల గాలిగది లోతు, పెంకు చిట్లు, నెత్తుటి మరకలు, పిండము పెరుగుట తెలియును. అమెరికాదేశపు గ్రేడులలో గాలిగది లోతు ఇంచులో ఎనిమిదవవంతునకు మించనిది ఉత్తమము, పదునాఱింట మూడువంతులవఱకు రెండవది, ఆపైన మూడవది. మన ఆగ్‌మార్క్ గ్రేడులలోను గాలిగది చూచు నియమము కలదు. దీనికి కావలసినది అట్టపెట్టెయు, దానికొక రంధ్రమును, లోపల ఒక దీపమును మాత్రమే. సెల్‌ఫోను టార్చి అయినను చాలును. కాని ఒక్కొక్క గ్రుడ్డును చేతబట్టి చూడవలెను, కన్ను అలవాటుపడవలెను, గోధుమవన్నె పెంకు గలవానిలో కొంచెము కష్టము.

అన్నిటికంటె నిక్కమైనది పగులగొట్టి చూచుట. 1937లో రేమండ్ హా అను నాతడు గ్రుడ్డు బరువును, పళ్ళెములో చిక్కని తెల్లసొన ఎత్తును కలిపి లెక్కించు ప్రమాణమును ఏర్పఱచెను. దానినే నేటికిని లోకమంతటను వాడుచున్నారు. 72కు తగ్గనిది ఉత్తమము. 60కి తగ్గినది మూడవ తరగతి. అయితే పగిలిన గ్రుడ్డును అమ్ముకొనలేము గదా! పగులగొట్టకయే తెలిసికొను కోరిక ఇందుచేతనే పుట్టినది.

యంత్రపు ముక్కు

ఇక యంత్రము సంగతి. దీని ముఖ్యభాగమును గ్యాస్ సెన్సరు అందురు. చౌకరకములలో అది తగరపు ఆక్సైడుతో చేసిన చిన్న బిళ్ళ. దానిని లోపలి తీగె ఎల్లపుడు వేడిచేయుచుండును. వేడెక్కిన ఆక్సైడు గాలిలోని ప్రాణవాయువును తన పైపొరకు అంటించుకొని విద్యుత్తు పాఱుటను అడ్డగించును. అమ్మోనియావంటి వాయువు తగిలి ఆ ప్రాణవాయువును హరించినపుడు అడ్డు తగ్గి విద్యుత్తు హెచ్చుగా పాఱును. ఆ హెచ్చుతగ్గులే మీటరుమీద అంకెలై కనబడును. ఇట్టి సెన్సరును జపానుదేశీయుడగు నవోయోషి టాగుచి 1962లో కనిపెట్టెను. వంటగ్యాసు కారినపుడు కూతవేయు పెట్టెలలో ఉండునది ఈ జాతి సెన్సరే. 1982లో ఇంగ్లండునందలి వార్విక్ విశ్వవిద్యాలయమున పెర్సాడ్, డాడ్ అను నిరువురు ఇట్టివానిని కొన్నింటిని గుంపుగా నమర్చి, అన్నిటి అంకెలను కలిపిచూచి వాసనలను వేఱుపఱుపవచ్చునని నిరూపించిరి. అదే విశ్వవిద్యాలయమువారు 2003లో ప్రకటించిన పరిశోధనలో నాలుగు సెన్సరులతో గ్రుడ్ల చుట్టునున్న గాలిని 20 మొదలు 40 దినములపాటు పరీక్షించి, తాజాదనమును తరగతులుగా వేఱుచేయ బూనిరి. అటుపిమ్మట పలుదేశములలో ఇట్టి ప్రయత్నములు జరుగుచున్నవి.

పరిశోధనాలయమున ఒకే యెండ, ఒకే తేమ, తుడిచిన గ్రుడ్లు, మూసిన పెట్టె ఉండును. మన సంఘపు డిపోలో నుండునది వేఱు. ఈ సెన్సరు ఒక్క వాయువునే గుర్తించునది కాదు. గాలిలోని తేమ మాఱినను దాని అంకె మాఱును. పొయ్యి పొగయు, బీడీ పొగయు, కోళ్ళపెంటలోని అమ్మోనియాయు, చేతులకు రాచుకొను సారాయి మందును దానికి తగులును. వానకాలపు ఉదయమున ఒక అంకెయు, ఎండకాలపు మధ్యాహ్నమున మఱియొక అంకెయు చూపవచ్చును. వాడుటకు ముందు చాలసేపు వేడెక్కవలెను. నెలలు గడచినకొలది దాని అంకె తనంతట జరుగుచు పోవును. తప్పొప్పులు సరిచూచుకొనని మీటరు రాయి అరిగిన త్రాసువంటిది.

బొగ్గుపులుసు వాయువును కొలుచుటకు వేఱుజాతి సెన్సరు కలదు. అది కాంతికిరణములతో పనిచేయును. దానియందును ఒక చిక్కు కలదు. గ్రుడ్డునుండి ఈ వాయువు ఎక్కువగా వెడలునది పెట్టిన తొలి దినములలోనే. ముదిసినకొలది వెడలునది తగ్గును. అనగా అంకె హెచ్చుగా నుండుట క్రొత్తదనమునకే గుర్తు కావచ్చును. ఈ మర్మము తెలియనివాడు యంత్రమును తలక్రిందులుగా చదువును. పెంకుకు నూనె పూసినయెడల రంధ్రములు మూసికొని వాయువు వెడలుట తగ్గును. అట్టి గ్రుడ్లకును పూయనివానికిని ఒకే కొలత పనికిరాదు.

మఱి రెండు సంగతులు చెప్పక తప్పదు. పుంజు కలసిన నాటుగ్రుడ్డు ఎండవేడిమికి పొదుగునకు దిగినట్లై, లోపల నెత్తుటి గీట్లు తీయును. ఇంకను కుళ్ళలేదు గనుక వాసన యుండదు. యంత్రము దానిని మంచిదనియే చెప్పును. దీపము మాత్రము పట్టియిచ్చును. ఇక సాల్మొనెల్లా యను రోగక్రిమి గ్రుడ్డులో నున్నను రంగు మాఱదు, వాసన రాదు. యంత్రము బాగున్నదని చెప్పినంతమాత్రమున పచ్చిగ్రుడ్డు త్రాగుట క్షేమము కాదు. సొనలు రెండును గట్టిపడువఱకు ఉడికించుటయే క్షేమము.

మీటరు ఎవరి చేతిలో నుండవలెను?

“మనుష్యునకు పక్షపాతమున్నది, యంత్రమునకు లేదు గదా” యని కొందఱు వాదింతురు. నిజమే, యంత్రమునకు పక్షపాతము లేదు. కాని ఏ అంకెకు పైన మంచిది, ఏ అంకెకు క్రింద చెడ్డది యని గీటు గీయువాడు మనుష్యుడే. వడ్ల తేమ విషయమున ఈ యనుభవము మనకు కలదు. 17 శాతమునకు మించరాదని నియమము. అదే కుప్పలోని వడ్లకు ఒకచోట 16, మఱియొకచోట 18 వచ్చినవని రైతులు మొఱపెట్టుకొనుట మేము గ్రామములు తిరుగునపుడు తఱచుగా విన్నదే. మీటరును సరిచూచుటకు రైతునకు అవకాశము లేనిచో, కొనువాడు చెప్పినదే వేదము. పూర్వము వట్టిమాటతో కోడిగ్రుడ్డుకు ఈకలు పీకిన వర్తకుడు, ఇకమీదట మీటరు చూపి పీకును. అంతియే భేదము.

పాల విషయమున జరిగిన మేలును ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1890లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్టీఫెన్ బాబ్‌కాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పాలలోని వెన్నను కొలుచు సులభమైన పరీక్షను కనిపెట్టి, దానిపై తనకు హక్కు ఉంచుకొనక లోకమునకు విడిచెను. నీళ్ళు కలిపినవానికిని కలుపనివానికిని ఒకే వెల యిచ్చు అన్యాయము దానితో తగ్గెను. ఆ పరీక్ష నిలిచినదెందువలన? గాజుబుడ్డి మెడలో వెన్న ఎంతవఱకు లేచినదో అమ్మువాడును కొనువాడును ప్రక్కప్రక్కను నిలిచి తమ కన్నులతో చూడగలిగిరి. కొలిచినది నిజముగ వెన్ననే. గ్రుడ్డు యంత్రమట్లు కాదు. అది చూపు అంకె తాజాదనము కాదు, తాజాదనమునకు దూరపు చుట్టము. అట్టి అంకెనుబట్టి ఇల్లాలి డబ్బు కోయుట న్యాయము కాదు.

అయినను “మనకీ యంత్రములెందుకు” అని త్రోసివేయు పెద్దలతోను మేము ఏకీభవింపము. సంఘపు డిపోకు వేలకొలది గ్రుడ్లు చేరునపుడు ప్రతిదానిని దీపమున జూచుట సాధ్యము కాదు. 30 గ్రుడ్ల ట్రేలు ఏడు పేర్చిన పెట్టెలో 210 గ్రుడ్లుండును. అందు ఒక్కటి మురిగి పగిలినచో తక్కినవన్నియు కంపుగొట్టును. బడులలోని మధ్యాహ్న భోజనమునకును అంగన్‌వాడీలకును పంపు గ్రుడ్లు ఎండలో ప్రయాణముచేసి, కొన్నిదినములు నిలువయుండి, పిల్లల పళ్ళెములకు చేరును. అట్టిచోట పెట్టెను మూసి, లోపలి గాలిని ఈ యంత్రముతో పరీక్షించి, అనుమానము కలిగిన పెట్టెను మాత్రము విప్పి దీపమున జూచినయెడల పని తేలికయగును, పిల్లలకు క్షేమము కలుగును. ఇచ్చట యంత్రము తప్పు చెప్పినను నష్టము స్వల్పము: ఒక పెట్టెను వృథాగా విప్పిచూచితిమి, అంతే. వెల నిర్ణయమున తప్పు చెప్పినచో నష్టము పేదయింటిది. ఈ భేదమునే సభ్యులు ముఖ్యముగ గమనింపవలెను. యంత్రము అనుమానింపవచ్చును, తీర్పు మాత్రము దీపము ముందర, ఇరుపక్షముల యెదుట జరుగవలెను.

సంఘములు చేయదగిన పని

యంత్రము కొనుటకు ముందు ఖర్చులేని పనులు కొన్ని కలవు. అవి చేయనిచో ఏ యంత్రమును గ్రుడ్డును క్రొత్తది చేయజాలదు.

మొదటిది, గ్రుడ్లను దినమునకు రెండుమార్లును, వేసవిలో మూడుమార్లును తీయవలెను. రెండవది, తీసిన దినమును పెన్సిలుతో పెంకుపై వ్రాయవలెను, సిరా పనికిరాదు. మూడవది, పొయ్యికి దూరముగ, తడి యిసుకలో సగము పాతిన కుండలో, మొద్దుకొన పైకి వచ్చునట్లు ఉంచవలెను. కుండ మూతిపై గుడ్డ కట్టవలెను. నాలుగవది, గ్రుడ్లను కడుగరాదు. మురికియున్న పొడిగుడ్డతో తుడువవలెను. మిక్కిలి మురికివానిని ఇంటికే వాడుకొనవలెను. అయిదవది, పిల్లలు చేయించు అక్కఱ లేనపుడు పుంజును పెట్టలనుండి వేఱుచేయవలెను. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్డు పెట్టును. అట్టి గ్రుడ్డు ఎండకు పొదుగుపట్టదు.

సంఘము చేయవలసినది, సంతకొఱకు కాచుకొనక వారమునకు రెండుమార్లు గ్రామమున గ్రుడ్లను సేకరించుట. పెంకుపై తేదీనిబట్టియు దీపపరీక్షనుబట్టియు రెండు వెలలు నిర్ణయించుట. తీసివేసిన గ్రుడ్డును అమ్మినవారి యెదుటనే పగులగొట్టి చూపుట. క్రొత్తదానికి అణువంత యెక్కువ వెల దొరకునని తెలిసినచో, బియ్యపు కుండలో పదిదినములు దాచు అలవాటు తనంతట పోవును. ఉపదేశముకంటె వెల యెక్కువ బోధించును.

యంత్రమును ఒక్కొక్క సంఘము వేఱువేఱుగ కొనక, పొరుగు సంఘములు నాలుగైదు కలసి ఒక్కటి కొనుట మేలు. విడి సెన్సరు కొన్ని వందల రూపాయలకే దొరకును. కాని పెట్టె, మీటరు, సరిచూచుకొను శ్రమ కలిపిన ఖర్చు వేఱు. కొన్న వెంటనే దానిని నమ్మరాదు. ఒక వేసవి, ఒక వానకాలము దానికి పరీక్షాకాలముగ నుంచవలెను. తేదీ తెలిసిన గ్రుడ్లను మూడుదినములవి, పదిదినములవి, ఇరువదిదినములవి వేఱువేఱు పెట్టెలలో మూసి, అంకె వ్రాసి, ఆ వెంటనే దీపమున జూచి, కొన్నింటిని పగులగొట్టి తెల్లసొన ఎత్తు కొలిచి, ఒక పుస్తకమున ఎక్కింపవలెను. ఆనాటి ఎండయు తేమయు కూడ వ్రాయవలెను. ఆ పుస్తకము సభ్యులెవరు కోరినను చూచుటకు డిపోలో నుండవలెను. అంకెయు గ్రుడ్డును ఎంతవఱకు ఏకీభవించునో మన యెండలో, మన గ్రుడ్లతో తేలినపిమ్మటనే దాని మాటకు విలువ. అంతవఱకు అది కావలివాడు మాత్రమే.

కొనుగోలుదారులు తమ యంత్రము చూపి వెల కోయ వచ్చినచో, సంఘములు రెండు షరతులు పెట్టవలెనని మా సలహా. యంత్రము తప్పుపట్టిన పెట్టెను ఇరుపక్షముల యెదుట విప్పి దీపమున జూడవలెను. అందు నిజముగ చెడినవానికి మాత్రమే వెల తగ్గింపవలెను, పెట్టె మొత్తమునకు కాదు. ఈ రెంటికి ఒప్పుకొనువాని యంత్రము మనకును మేలే చేయును. ఒప్పుకొననివాని యంత్రము ఎంత సున్నితమైనదైనను మన డిపో గుమ్మము దాటరాదు.

సభ్యులు ఈ విషయమును తమ తమ సంఘముల సర్వసభ్య సమావేశములలో చర్చించి, కోళ్ళు పెంచు స్త్రీల అభిప్రాయమును తప్పక విని, తీర్మానములు చేయవలెనని కోరుచున్నాము. రానున్న వేసవిలోపల పెన్సిలు తేదీయు, దీపపు పెట్టెయు ప్రతి సంఘమునందు నెలకొనినచో, యంత్రమునుగూర్చిన నిర్ణయము తొందరలేక చేసికొనవచ్చును.